కుళాయికి కట్టిన గుడ్డపీలిక

ఆ రోజు పొద్దున ఆకాశం కదలలేదు. తడి సిమెంటు పూసినట్టు మబ్బు ఒకటే పొరగా పరుచుకుంది. పార్కు వంటగది గొట్టంలోంచి పొగ నిట్టనిలువుగా లేచి, ఎటు పోవాలో తెలియనట్టు అక్కడే చిక్కబడింది. అలా గాలి ఆడని రోజులు మాకు ఏడాదికి పది దొరికితే గొప్ప. గాలి లేకపోతేనే కొలను మీద నీళ్ల తెర నిటారుగా నిలబడుతుంది. దాని మీద వేసిన బొమ్మ చెదరదు.

ఆ కొలను మీద రాత్రిపూట జరిగే షో రాసేవాణ్ణి నేనే. నీళ్లు ఏ క్షణాన ఎంత ఎత్తు లేవాలి, ఏ రంగు వెలుగు పడాలి, మంట ఎప్పుడు రావాలి, పాట ఎక్కడ ఆగాలి, అన్నీ పొడుగాటి కాగితం మీద సెకను సెకనుకీ గీతలు గీసి పెట్టాలి. నా చదువు ఊరి బడిలో ఏడో తరగతి దాకా. పంపులు బాగుచెయ్యడానికి చేరాను. నీళ్లు ఎక్కడ మొరాయిస్తాయో, ఎక్కడ ఉరుకుతాయో చూసిచూసి తెలిసింది. పాత ఆయన మానేసినప్పుడు ఇంకెవరూ దొరక్క ఆ కాగితం నా చేతికిచ్చారు. పన్నెండేళ్లయింది. అందరూ మేస్త్రీ అంటారు.

బుడుంగు మా ఆవిడ తమ్ముడు. పెళ్లి చేసుకోలేదు, మా ఇంట్లోనే ఉంటాడు. అంత లావు మనిషి నీళ్లలో దూకినా బుడుంగుమని అంతే చప్పుడు వస్తుందని ఆ పేరు పెట్టారు. కొలను అడుగుకు దిగి గొట్టాలు శుభ్రం చెయ్యడం వాడి పని. నీళ్లకి నల్లరంగు కలుపుతాం కాబట్టి కింద ఏమీ కనపడదు, అంతా చేత్తో తడుముకోవడమే. తినుబండారాల సంచులు, చెప్పులు పట్టుకొచ్చేవాడు. ఒకసారి పళ్లసెట్టు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "బావా, నీ షో చూసి ఎవరో బాగానే నోరు తెరిచారు" అన్నాడు.

కొత్త షో నడిమధ్యన పంతొమ్మిది సెకన్లు చీకటి పెట్టాను. పాట లేదు, నీటి చప్పుడు కూడా లేదు. అది కాగానే నలభై ఎనిమిది గన్నులు ఒక్కసారి పేలుతాయి. గన్ను అంటే నీళ్ల కింద నిలబెట్టిన గొట్టం. ఒడ్డున ట్యాంకులో గాలి బిగించి ఉంచుతాం, అది ఒక్కసారి వదిలితే నీళ్లు ఐదంతస్తుల ఎత్తు లేస్తాయి.

"జనం టిక్కెట్టు కొనుక్కుని చెవిటోళ్లలా కూర్చోవాలా బావా?" అన్నాడు బుడుంగు ఆ కాగితం చూసి.

"కూర్చుంటారు. నువ్వే చూద్దువుగాని."

నీళ్లలోకి దిగేవాడు ముందు రెండు పనులు చెయ్యాలి. మెయిన్ స్విచ్చికి తన తాళం వేసి, తాళంచెవి మెళ్లో వేసుకోవాలి. ట్యాంకు కింద కుళాయి తిప్పి, మీటరు ముల్లు సున్నాకి వచ్చేదాకా గాలి వదిలెయ్యాలి. బుడుంగు సొంతంగా మూడోది కూడా పెట్టుకున్నాడు. తిప్పిన కుళాయికి గుడ్డపీలిక కట్టేవాడు. గుడ్డ ఉందంటే గాలి పోతున్నట్టు. పాతది నాని చిరిగిపోయిందని ఆ పొద్దున వాళ్లక్క పాత కర్టెన్ చింపి కొత్త పీలిక ఇచ్చింది. ఎర్రటి గుడ్డ మీద పసుపుపచ్చ పూలు.

"నీళ్లలో దిగేవాడికి పూలెందుకే అక్కా?" అన్నాడు.

"పెళ్లికి ఎలాగూ కట్టుకోవు. కుళాయికైనా కట్టు" అంది.

తొమ్మిదికి ముప్పై ఏడో గన్నులో ఏదో అడ్డుపడిందని తెలిసింది. ఓనరు పదింటికి వస్తాడు, గన్నుల పోటు పగలే ఒకసారి చూపించాలని మేనేజరు కబురు. బుడుంగు తాళం వేశాడు, కుళాయి తిప్పాడు, పీలిక కట్టి ముల్లు చూస్తూ నిలబడ్డాడు. పంపు రూములో మేమిద్దరమే.

"ఇది తాపీగా దిగుతుందిరా. నువ్వెళ్లి సూటేసుకో. నేను చూసి కేకేస్తాను" అన్నాను.

"సున్నా అయ్యాకే బావోయ్. నీకసలే తొందర."

వాడు వెళ్లాడు. ముల్లు సగంలో ఉంది. మొత్తం పోతే మళ్లీ నింపడానికి గంట పడుతుంది, పదింటికి ట్యాంకు ఖాళీగా ఉంటుంది. స్విచ్చికి తాళం ఉంది కదా, కరెంటు లేకుండా ఏ గన్నూ తెరుచుకోదు కదా అనుకున్నాను. పీలిక విప్పి కుళాయి కట్టేశాను. మూసిన కుళాయికి గుడ్డ ఉండకూడదని దాన్ని జేబులో పెట్టుకున్నాను. తప్పు కూడా అంత పద్ధతిగా చేశాను.

బయటికొచ్చి, "దిగు" అని కేకేశాను.

చెయ్యెత్తి ఊపి దూకాడు. బుడుంగ్.

నాలుగైదు నిమిషాలకి కొలను మధ్యన నీళ్లు గేదె వీపంత లేచి పడ్డాయి. ముప్పై ఏడో గన్నులో ఇసుక చేరి, గాలిని ఆపే మూత సరిగ్గా పడలేదు. గాలిని పట్టి ఉంచిందల్లా గొట్టంలో అడ్డుపడ్డ తినుబండారాల సంచే. వాడు గొట్టం పక్కన తల పెట్టి దాన్ని లాగాడు. గాలి ఒక్కసారి తన్నుకొచ్చింది. పైకి తేలినప్పుడు రెండు చెవుల్లోంచీ రక్తం వస్తోంది.

బతికాడు. చెవులు పోయాయి, రెండూ. ఇక రావని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. ఆ పొద్దున జరిగింది కూడా వాడికి సగమే మిగిలింది. సూటు వేసుకున్నట్టు గుర్తు లేదు, నేను కేకేసినట్టు గుర్తు లేదు.

ట్యాంకు చూసిన సేఫ్టీ ఆఫీసరు కుళాయి మూసి ఉందని రాసుకున్నాడు. నన్ను అడిగాడు.

"నేను పంపు రూములోకి పోలేదు" అన్నాను.

ఒక్క మాట. ఆ సమయానికి నోట్లోంచి వచ్చింది అదే.

ఇంటికి తెచ్చాక పిల్లల పలక ఒకటి కొన్నాం. మేం రాస్తే వాడు చదివి నోటితో జవాబు చెప్పేవాడు. తన గొంతు తనకి వినపడక పెద్దగా అరిచేవాడు. మొదటి వారం అడిగింది ఒకటే.

"కుళాయి తిప్పినట్టు చెయ్యికి గుర్తుంది బావా! కానీ ఈ చెయ్యి రోజూ తిప్పుతుంది. అది ఏ రోజుదో ఎలా తెలుస్తుంది?"

నేను పలక అందుకోలేదు.

రెండో వారం అడగడం మానేశాడు. తనే మర్చిపోయానని ఖాయం చేసుకున్నాడు. అప్పటినుంచి వాడికి తన చేతి మీద నమ్మకం పోయింది. పొయ్యి ఆర్పి, గది దాటి, వెనక్కొచ్చి మీట తడిమేవాడు. మళ్లీ వెళ్లి మళ్లీ వచ్చేవాడు. స్నానాల గదిలో కుళాయి కట్టేసి, కింద అరచెయ్యి పెట్టుకుని చుక్క పడుతుందేమోనని నిలబడేవాడు. నల్లటి నీళ్లలో వేళ్లతో చూసి ఇరవయ్యేళ్లు పనిచేసిన మనిషి చొక్కా గుండీలు కూడా రెండేసి సార్లు చూసుకోసాగాడు. వాళ్లక్క గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకునేది. నేను పార్కుకి పోయేవాణ్ణి. షో మొదలైంది, జనం వస్తున్నారు. ఆ పంతొమ్మిది సెకన్లు వచ్చినప్పుడల్లా లేచి బయటికి పోయేవాణ్ణి.

ఇరవై మూడో రోజు ఆఫీసరు కాగితం చూపించాడు. దిగినవాడి అజాగ్రత్త వల్లనే జరిగిందని రాసి ఉంది. కింద సాక్షిగా నా సంతకానికి చోటు. అది పడితే వాడికి ఈ పార్కులో కాదు, ఎక్కడా ఏ పనీ దొరకదు.

"మూడింటికి వచ్చి పెట్టు మేస్త్రీ. ఫైలు మూసేద్దాం" అన్నాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చాను. బుడుంగు పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. మీట ముట్టుకుని రెండడుగులు వేశాడు, ఆగాడు. వెనక్కి తిరిగాడు. నేను గుమ్మంలోనే నిలబడి లెక్కపెట్టాను. ఆరుసార్లు.

లోపలికెళ్లి పెట్టె అడుగునున్న పనిచొక్కా తీశాను. పీలిక ఆ జేబులోనే ఉంది. తెచ్చి బల్ల మీద, వాడి కంచం పక్కన పెట్టాను.

ఎర్రగుడ్డ. పసుపుపచ్చ పూలు.

వాడు వంగి చూశాడు. వేళ్ల మధ్య పెట్టి నలిపాడు. ముడి వేసిన చోట గుడ్డ ఇంకా మెలితిరిగే ఉంది. వాడి ముఖం వెలిగింది. అలాంటి వెలుగు చూసి మూడు వారాలైంది.

"అక్కా! ఇది కొత్తది! ఆ పొద్దున నువ్వు చింపిచ్చిందే!" ఇల్లంతా అదిరేలా అరిచాడు. "ముడి చూడు! కట్టానంటే తిప్పినట్టే కదా! తిప్పాను అక్కా, నేను తిప్పాను!"

మా ఆవిడ గరిటె పట్టుకునే వచ్చింది. గుడ్డ చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"ఇది మీ దగ్గరెందుకుంది?"

నేను పలక తీసుకున్నాను. వాడికీ తెలియాలి. 'నేనే విప్పాను. కుళాయి మూశాను. దిగు అన్నాను' అని రాశాను. బడిలో నేర్చిన అక్షరాలే, గుండ్రంగా వచ్చాయి. పలక ఇద్దరి మధ్యా పెట్టాను.

వాడు పెదాలు కదుపుతూ చదివాడు. రెండోసారీ చదివాడు. ముఖంలో వెలుగు ఒక్కసారిగా పోలేదు. నెమ్మదిగా, ఆ మీటరు ముల్లు దిగినట్టు దిగింది. నన్ను కొడతాడేమోనని నిలబడ్డాను. కొట్టలేదు. పీలిక మడిచి తన చొక్కా జేబులో పెట్టుకుని గుండీ పెట్టాడు. ఒక్కసారే పెట్టాడు.

"మూడింటికి అక్కడ ఇదే రాస్తాను" అన్నాను.

"నేనూ వస్తాను. మీరు రాసేది చూడాలి" అంది మా ఆవిడ. గొంతులో తడి లేదు.

మూడు కంచాలు పెట్టింది. తమ్ముడికి వడ్డించింది, తను వడ్డించుకుంది. గిన్నె నా వైపు జరిపింది. నేనే పెట్టుకున్నాను.

వాడు మొదటి ముద్ద కలిపి చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. తర్వాత తిన్నాడు. మేమూ తిన్నాం. పొయ్యి వైపు వాడు తిరిగి చూడలేదు.