మౌనముని చేతిలో గడ్డకట్టని జెల్

ఆ పరిశోధనశాలలో అందరూ ఆవిడను రేడియో మేడం అనేవాళ్లు. పొద్దున తలుపు తీస్తూ మొదలుపెట్టిన మాట సాయంత్రం తాళం వేసేదాకా ఆగేది కాదు. ఆ మాటల మధ్యలోనే ఆవిడ ఒక జెల్ కనిపెట్టింది. ఒక రకం పొడిని నీళ్లలో కలిపితే, వెంట్రుక కంటే వేల రెట్లు సన్నటి పోగులు వాటంతట అవే అల్లుకుని, నీళ్లన్నిటినీ పట్టుకుని మెత్తటి ముద్దలా నిలబడతాయి. కాలిన గాయం మీద వేస్తే, తీసేటప్పుడు చర్మాన్ని లాక్కోకుండా ఊడి రావాలని ఆవిడ ఆశ.

అయితే ఒక్క మనిషి చేతిలో అయ్యే పనిని సైన్సు అని ఎవరూ ఒప్పుకోరు. ఇంకెక్కడైనా, ఇంకెవరు చేసినా అలాగే రావాలి. అందుకని సముద్రాల అవతల ఉన్న ఇంకో పరిశోధనశాలతో కలిసి పనిచేయాలని ఒప్పందం చేసుకున్నారు. పొడి పంపారు, చేసే పద్ధతి పంపారు. అక్కడి పెద్దాయన చేసి చూశాడు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

ఆయనకు మాటలంటే మహా పొదుపు. వీడియోలో కనబడి, గాజు గొట్టాన్ని తలకిందులు చేసేవాడు. నీళ్లన్నీ బల్ల మీద పడేవి. తల అడ్డంగా ఊపి కెమెరా ఆపేసేవాడు. ఇక్కడ మేడం గొట్టం తిప్పితే మాత్రం జెల్ గబ్బిలంలా పైనే అతుక్కుని ఉండేది. విద్యార్థులు ఆయనకు మౌనముని అని పేరు పెట్టేశారు.

ఇద్దరూ మర్యాదగానే ఒకరినొకరు అనుమానించుకున్నారు. మీ నీళ్లు ఎలాంటివో అని ఆవిడ, మీరు గొట్టాలు ఎలా కడుగుతారో అని ఆయన. చివరికి ఆయనే విసిగిపోయి, తన నీళ్లు, తన గొట్టాలు, కలిపే గాజుపుల్లతో సహా పెట్టెలో సర్దుకుని విమానం ఎక్కాడు. దిగాక విమానాశ్రయంలో తనిఖీవాళ్లు నీళ్ల సీసాలు చూసి, ఇక్కడ నీళ్లు దొరకవని ఎవరైనా చెప్పారా అని అడిగారట. ఈయన నోరు విప్పకపోయేసరికి వాళ్లకు అనుమానం ముదిరి, చాలాసేపు ఒక మూల కూర్చోబెట్టారు.

మర్నాడు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర, పక్కపక్కన నిలబడి చేశారు. ఆవిడది గడ్డకట్టింది. ఆయనది కట్టలేదు. నీళ్లు మార్చుకున్నారు. గొట్టాలు మార్చుకున్నారు. ఎప్రాన్లు కూడా మార్చుకున్నారు. ఆవిడ ఎప్రాన్ చేతులు ఆయనకు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. అయినా అంతే.

ఆయన ముఖం చిన్నబోయింది. స్టూలు మీద కూలబడి, "నా చేతిలోనే ఏదో లోపం ఉంది" అన్నాడు. వచ్చాక ఆయన మాట్లాడిన అతి పెద్ద వాక్యం అదే. మేడంకి ప్రాణం ఉసూరుమంది. ఎన్నేళ్లుగానో ఈ పనిలో తలపండిన మనిషి, తన చేతుల్ని తనే అలా చూసుకుంటుంటే, ఆవిడ ఇంకో గొట్టంలో పొడి కలిపింది.

సరిగ్గా అప్పుడే ఆవిడ చెల్లెలు ఫోన్ చేసింది. అక్క దగ్గర తీసుకెళ్లిన కుక్కర్‌ని మూత లేకుండా తిరిగి పంపింది ఆ మహాతల్లి. మూత మొదట్నుంచీ లేదని ఇప్పుడు వాదన. మేడం ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, అప్పుడే కలిపిన గొట్టాన్ని గుప్పిట్లో పట్టుకునే తగువు అందుకుంది. మూత లేకుండా కుక్కర్ ఎవరైనా కొంటారా అంటూ చెయ్యి అటూ ఇటూ ఊపుతోంది.

మౌనముని లేచి నిలబడ్డాడు. ఆవిడ గుప్పిటకేసి వేలు చూపించి, "ఆ చెయ్యి" అన్నాడు.

అందరికీ ఒక్కసారిగా వెలిగింది. ఆయన కలిపిన గొట్టాన్ని స్టాండులో పెట్టి, చేతులు కట్టుకుని నిలబడతాడు. ఈవిడ గొట్టం పట్టుకునే లోకాభిరామాయణం చెబుతుంది. గుప్పిట వెచ్చదనం, మాటలతో పాటు వచ్చే ఆ మెల్లని ఊపు, రెండూ కలిస్తేనే పోగులు అల్లుకుంటున్నాయన్నమాట.

ఆయన కూడా గొట్టం పట్టుకుని ఊపాడు. కానీ ట్రాఫిక్ పోలీసులా బిర్రబిగుసుకుని ఊపాడు. అంతా ఉండలు కట్టింది. మాట్లాడుతూ ఊపితేనే సహజంగా వస్తుందని మేడం కబుర్లలోకి దింపాలని చూసింది. వాతావరణం ఎలా ఉందంటే బాగుంది అన్నాడు. భోజనం అంటే అదీ బాగుందన్నాడు. చెయ్యి కదల్లేదు.

ఫోన్లో ఇదంతా వింటున్న చెల్లెలు, స్పీకర్ పెట్టమని అక్కకు చెప్పింది. అక్కా ఆయనా మాట్లాడుకునే భాషలో, వచ్చీరాని మాటలతో, "అన్నయ్యగారూ, మీకు బావమరిది ఉన్నాడా?" అని అడిగింది.

ఆయన కొత్తగా కలిపిన గొట్టాన్ని గుప్పిట్లోకి తీసుకున్నాడు. తరువాత నోరు తెరిచాడు. ఉన్నాడు. ఆ బావమరిది ఈయన నిచ్చెన అడిగి పట్టుకెళ్లి, తన ఇంటికి పొడుగు ఎక్కువైందని కింది మెట్లు రంపంతో కోసేశాడు. కోసి, తేలికైంది చూడు బావా అని గొప్పగా చెప్పాడు. చెబుతుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి, గొట్టం పట్టిన చెయ్యి రంపం కోతను చూపించింది, మెట్లను కొలిచింది. మధ్యలో ఎప్పుడో సొంత భాషలోకి వెళ్లిపోయాడు. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. చెల్లెలు మాత్రం ఊఁ కొడుతూ, అయ్యో, అంత పని చేశాడా అంటూనే ఉంది.

ఒక విద్యార్థిని ఆయన మోచేతిని తట్టి గొట్టం చూపించింది. తలకిందులు చేశాడు. చుక్క కూడా జారలేదు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. అందరూ చప్పట్లు కొట్టబోతే, ఆగమన్నట్టు చెయ్యి ఎత్తాడు. బావమరిది సంగతి ఇంకా పూర్తికాలేదు.

తరువాత రెండు పరిశోధనశాలలూ కలిసి, అరచేయంత వెచ్చగా ఉండి, కబుర్లు చెప్పే చేతిలా ఊగే చిన్న యంత్రం తయారుచేశాయి. ఇంకో దేశం వాళ్లు కూడా వచ్చి చేరారు. వాళ్లకు మొదట్లో అన్నీ ఉండలే వచ్చేవి. అక్కడ పని చేసే ఇద్దరూ ఎప్పుడూ కీచులాడుకుంటూ, గొట్టాన్ని విదిలిస్తూ కలిపేవాళ్లట. యంత్రం పెట్టాక వాళ్లకూ కుదిరింది. మూడు చోట్లవాళ్లూ కలిసి వ్యాసం రాశారు. చిత్తుప్రతిలో ఎవరో సరదాకి, 'కలిపేటప్పుడు బావమరిది గురించి మాట్లాడవలెను' అని రాసిన వాక్యం తీసేయడం మరిచిపోయారు. అచ్చుకు ముందు వ్యాసాన్ని పరిశీలించిన ఒక పెద్దమనిషి, తోడల్లుడైతే పనిచేస్తుందా, పరీక్షించారా అని గంభీరంగా అడిగాడు. నిజంగానే పరీక్షించారు. పనిచేసింది. అప్పుడు గానీ వ్యాసం అచ్చుకు వెళ్లలేదు.

కొన్నాళ్లకు మౌనముని భార్య రేడియో మేడంకి ఫోన్ చేసింది. మా ఆయన్ని ఏం చేసి పంపారు అని అడిగింది. ఇంటికి రాగానే ఆయన ఆవిడ తమ్ముణ్ని, అంటే నిచ్చెన కోసిన ఆ బావమరిదిని పిలిచి, కూర్చోబెట్టి, కడుపులో ఉన్నదంతా చెప్పేశాడట. ఇద్దరూ కావలించుకుని ఏడ్చారట. అప్పట్నుంచి ఆ తమ్ముడు రోజూ రావడం, ఇద్దరూ వంటింట్లోనే బైఠాయించి ఆపకుండా మాట్లాడుకోవడం.

"ఇంట్లో కూర్చుని వినలేకపోతున్నానమ్మా. మళ్లీ మీటింగ్ ఎప్పుడు?" అంది.

వచ్చే నెలలో, మూడో దేశంలో అని మేడం చెప్పింది. అది ఎంత దూరం అని ఆవిడ అడిగింది. విమానంలో ఒక పగలంతా పడుతుందని చెబితే, మంచి దూరమేనని సంతోషించి, వీలైతే బావమరిదికి కూడా ఒక ఆహ్వానం పంపమని బతిమాలి ఫోన్ పెట్టేసింది.