రెండో సూదికి ముందు

ఆ రోజు ఇంట్లో నానమ్మ, అమ్మ, రెండేళ్ల తమ్ముడు నాని, నేను ఉన్నాం. పనికి వెళ్లిన నాన్న దమ్మపేటలోనే ఆగిపోయాడు. అమ్మవారు పోసిన ఇంట్లోకి బయటివాళ్లు రాకూడదని, లోపలివాళ్లు గడప దాటకూడదని నానమ్మ కబురు పంపింది.

నాని అరచేతుల్లో, పాదాల్లో, నోట్లో పొక్కులు. ఈ పొక్కుల జబ్బుకు కొత్త టీకాను పరీక్షిస్తున్నారంటే అమ్మ వాడిని చేర్పించింది. మొదటి సూది అయింది. రెండోది ఇంకా వేయలేదు.

"సూది పొడిపించినందుకే తల్లికి కోపమొచ్చింది. నీ తెలివంతా పిల్లగాడి ఒంటి మీద పూసింది చూడు హైమా," అంది నానమ్మ.

అమ్మ జ్వరంతో కాలుతున్న నాని నుదుటి మీద తడిగుడ్డ మార్చింది.

నిద్రలో నాని ఉలిక్కిపడ్డాడు. కాసేపటికి మళ్లీ. లేపితే వాంతి చేసుకున్నాడు, నిలబెడితే తూలిపోయాడు. జ్వరంలో ఉలికిపాటు వస్తే వెంటనే తీసుకురమ్మని టీకా రోజున నర్సు ఉషారాణి చెప్పడం నేను విన్నాను.

"నానమ్మా, ఇది అమ్మవారు కాదేమో."

"ఏందే?"

"ఏం లేదు," అన్నాను.

నాని చేతులు మళ్లీ ఎగిరిపడ్డాయి. అమ్మ ఫోన్ తీసుకుని వాకిట్లోకి పరుగెత్తి, ఉషారాణికి చేసి పొక్కుల సంగతి చెప్పాను.

"సూది వల్లనే వచ్చిందా మేడం?"

"కాదమ్మా. అందులో ఉన్నది చచ్చిన వైరస్. దాన్ని చూపించి, అసలుది వస్తే గుర్తుపట్టమని ఒంటికి నేర్పిస్తం. ఒక్క సూదికే సరిపోను బలం రాకపోవచ్చు. ఈ పొక్కులు తెచ్చే వైరస్‌లు వేరేవి గూడ ఉన్నయ్, వాటిని ఈ టీకా ఆపకపోవచ్చు. అదంతా తర్వాత. ఉలిక్కిపడుతున్నడా?"

"అవ్."

"జబ్బు మెదడుకు పాకిందేమో. బండి తీసుకొస్తున్న. తయారుగ ఉండుండ్రి."

విన్నదంతా కిటికీలోంచి అమ్మకు గట్టిగా చెప్పాను. నానమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"దీనికి మాటలే రావనుకున్న ఇన్నాళ్లు. తల్లి ఒంటి మీద ఉండంగ పిల్లగాడిని బయటికి తీస్తే ఆ తల్లి ఊకుంటదా?"

"ఉలికిపాటు తగ్గడం లేదమ్మా," అన్నాను అమ్మతో.

బండి హారన్ వినిపించింది. అమ్మ నానిని భుజాన వేసుకుని, నానమ్మ చేతి కిందుగా వంగి బయటికొచ్చింది. చెప్పులు కూడా వేసుకోలేదు. ఉషారాణి వాళ్లిద్దరినీ ఎక్కించుకుంది. బండి మలుపు తిరిగింది.

"వాడి దుప్పటి ఇవ్వు నానమ్మా. నాన్నను పిలిపించి ఆయనతో ఆసుపత్రికి పంపిస్తా," అంటూ మెట్టెక్కాను.

నానమ్మ నా మొహం చూడలేదు. గడప దాటిన నన్ను బయటే ఉంచి తలుపు వేసి గడియ పెట్టింది.