ఆరు మీటర్ల దారం

మొదటి పీరియడ్ గంట కొట్టేసరికి సత్యవేణి ఇంకా ఆటోలోనే ఉంది. కృష్ణదేవిపేటలో షేర్ ఆటో డ్రైవరు సీట్లన్నీ నిండితేగాని కదలనని మొండికేశాడు. కదిలాక దారిలో చెరకు లారీ ఒకటి అడ్డం తిరిగి ఉంది. నర్సీపట్నంలో దిగి, నలిగిన కుచ్చిళ్ళు సర్దుకుంటూ పరుగులాంటి నడకతో స్కూలు గేటు దాటేసరికి ఆయా ఎదురొచ్చి, కరస్పాండెంటు గారు రమ్మంటున్నారని చెప్పింది. ఆలస్యమైనందుకు చీవాట్లు కాబోలు అనుకుంది. అంతటితో పోయుంటే బాగానే ఉండేది.

కరస్పాండెంటు రమణబాబు ఆలస్యం మాటే ఎత్తలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఆయన టీచర్లను కూర్చోమన్నాడంటే ఎవరికో మూడిందని ఆ స్కూల్లో అందరికీ తెలుసు. రాత్రి వీరేంద్ర గారు ఫోన్ చేశారట. రోలుగుంట రోడ్డులో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉన్న వీరేంద్ర గారు. ఆయన కూతురు సాయిప్రియకు పరీక్షలో ఇరవైకి పద్నాలుగు వచ్చాయట. ఎల్‌కేజీ నుంచి ఫస్టు తప్ప ఇంకోటి ఎరగని పిల్లకు పద్నాలుగేమిటని అడిగారట. పక్కన ఎవరిని కూర్చోబెట్టారో కూడా అడిగారట.

పద్నాలుగు సాయిప్రియ మార్కులు కావు. కెజియావి.

సత్యవేణి చెప్పే నాలుగో తరగతిలో కెజియాలాంటి ఉచిత సీటు పిల్లలు కొందరున్నారు. పేద పిల్లలకు ప్రైవేటు బళ్ళలో సీట్లివ్వాలని చట్టం వచ్చింది గనక ఇచ్చారు. కూర్చోబెట్టడం మాత్రం చివరి బెంచీలో కూర్చోబెట్టారు. అలా చెయ్యమని ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఒకటో తరగతిలో ఎవరో అక్కడ కూర్చోమన్నారు, నాలుగో తరగతికి వచ్చినా వాళ్ళు అక్కడే ఉన్నారు, అంతే. హాజరు పిలవడమూ ఆ తీరే. ఫీజు కట్టే పిల్లల పేర్లన్నీ అయ్యాక వాళ్ళవి. వాళ్ళ వంతు వచ్చేసరికి ముందు వరసలవాళ్ళు పుస్తకాలు తీస్తూ ఉంటారు, ఆ గోలలో వాళ్ళు పలికారో లేదో టీచరుకు కూడా వినపడదు. మర్యాదస్తుల పనులన్నీ ఇలాగే చప్పుడు లేకుండా జరిగిపోతాయి.

ఈ ఏడు సత్యవేణి ఆ బెంచీలు కదిపింది. నలుగురేసి పిల్లల్ని ఒక జట్టుగా ఎదురెదురుగా కూర్చోబెట్టింది. పాఠాన్ని నాలుగు ముక్కలు చేసి తలా ఒకటి ఇచ్చింది. ఎవరి ముక్క వాళ్ళు నేర్చుకుని తక్కిన ముగ్గురికీ చెప్పాలి. పరీక్షలో జట్టు మొత్తంలో అందరికన్నా తక్కువ ఎవరికి వస్తే నలుగురికీ అవే మార్కులు. ఈ ఆఖరి షరతే కొంప ముంచింది.

నిజానికి ఆ షరతు వల్లే క్లాసు లేచి నిలబడింది. సాయిప్రియ మొదట్లో ఏడ్చింది, కెజియా జట్టులో ఉండనని రెండు రోజులు మొహం మాడ్చుకుంది. తర్వాత ఇంటర్వెల్లో కెజియాను పట్టుకుని తినబోయేదాన్ని ఆపి మరీ ఎక్కాలు అప్పజెప్పించుకోవడం మొదలుపెట్టింది. నాలుగో, అయిదో వచ్చే కెజియాకు పద్నాలుగు వచ్చాయి. ఆ రోజు ఆ జట్టు పిల్లలు నలుగురూ వరండాలో గెంతులేశారు. చివరి బెంచీ ఖాళీ అయి, లంచ్ బ్యాగులు పెట్టుకోవడానికి పనికొచ్చింది. ఆ జట్ల ఫొటోనే రమణబాబు అడ్మిషన్ల పాంప్లెట్ మీద రంగుల్లో వేయించాడు. ఆ సంగతి ఇప్పుడు ఆయనకు గుర్తున్నట్టు లేదు.

"ఆ పిల్లని వెనక్కి పంపెయ్యండి మేడం" అన్నాడు తాపీగా. "మనం పంపినట్టు ఉండకూడదు. రేపెవడో పిటిషన్ పెడతాడు. తల్లే వచ్చి అడిగినట్టు ఉండాలి. వస్తోంది. పిల్లలందరి ముందూ ఆవిడ నోటితోనే చెప్పించండి."

తల్లి ఎందుకు అడుగుతుందో సత్యవేణి అడగలేదు. కెజియా తల్లి బేబి వీరేంద్ర గారి ఫ్యాక్టరీలోనే జీడిగింజలు కొడుతుంది. ఇక అడగడానికేముంది? చివర్లో రమణబాబు, బీఈడీ చేసిన ఆడపిల్లలు ఎనిమిది వేలకు కూడా వస్తామంటున్నారని ఏదో లోకాభిరామాయణం చెప్పినట్టు చెప్పాడు. సత్యవేణి జీతం పదివేలు. మొగుడు సెల్‌ఫోన్ రిపేరు కొట్టు మూసేసి ఏడాది కావస్తోంది. ఇల్లు ఆ పదివేల మీదే నడుస్తోంది.

వరండాలోకి వచ్చాక ఆమెకు ఒక పాడు ఆలోచన వచ్చింది. తల్లే అడిగితే మధ్యలో నా పాపమేముంది? అలా అనుకోగానే గుండె కాస్త తేలికపడింది. తేలికపడినందుకు తన మీద తనకే రోత పుట్టింది. రెండో పీరియడ్ అంతా బోర్డు మీద రాసిందే మళ్ళీ రాసి, చెరిపి, కుదురు లేకుండా తిరిగింది.

మూడో పీరియడ్ మొదలయ్యేటప్పుడు బేబి వచ్చింది. పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది. జీడిరసం తగిలి తగిలి ఆమె వేళ్ళు నల్లబడి, తోలు పొరలు పొరలుగా లేచిపోయింది. ఆ చేతులు కనపడకుండా కొంగులో చుట్టుకుంది.

"టీచరమ్మా, మా గుంటని ఎనక బెంచీలోనే కూకోబెట్టెయ్యండమ్మా" అంది. "దాని మూలంగా ఆళ్ళ పాపకి మార్కులు తగ్గిపోనాయంట. నువ్వు ఎల్లి సెప్పకపోతే రేపట్నించి పన్లోకి రావద్దన్నాడు మేస్త్రీ. అది ఎక్కడ కూకున్నా సదువు సదువే కదండి."

సత్యవేణి ఆమె మొహంలోకి చూడలేకపోయింది. ఈ మాట తనతో కాదని, సార్ వచ్చాక లోపల పిల్లల ముందు చెప్పాలని నేలచూపులు చూస్తూ చెప్పింది. బేబి తలూపింది. ఎవరు ఎక్కడ నిలబడి ఏం చెప్పమంటే అది చెప్పడం ఆమెకు అలవాటే. క్లాసు గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడింది.

లోపల జట్లలో పని మొదలైంది. తిన్న అన్నం ఏమవుతుందనేది ఆ రోజు పాఠం. నోరు ఒకరిది, జీర్ణాశయం ఒకరిది, పెద్దపేగు ఒకరిది. చిన్నపేగు కెజియా వంతు. ఇంటి నుంచి పురికొస ఉండ తెచ్చుకుంది. ఒక కొస సాయిప్రియ చేతికిచ్చి, ఉండ విప్పుకుంటూ బెంచీల మధ్య నుంచి గుమ్మం దాకా వచ్చింది. పాఠంలో పడి గోడ పక్కనున్న తల్లిని చూసుకోలేదు. దారం గుమ్మం దగ్గర నేల మీద వదిలి మళ్ళీ జట్టు దగ్గరకు పోయింది.

"ఇదంతా మన పొట్టలోనే ఉంటాది. ఆరు మీటర్లు. పెద్దోళ్ళకి. అన్నంలో బలమంతా ఇదే పీల్చుకుంటాది."

"అంతుంటే పొట్టలో ఎలా పడుతుంది?" అని సాయిప్రియ అడిగింది.

"మడతలు మడతలుగా ఉంటాది. సూడు" అని కెజియా కొంత దారం తీసి పిడికిట్లో ముడిచి చూపించింది.

"నాకు మళ్ళీ చెప్పవే. రేపు నేను రాయాలి కదా."

బేబి తల కాస్త లోపలికి పెట్టి చూసింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆ పాప కారు వస్తే పక్కకు తప్పుకుని నిలబడేది తను. ఆ పాప ఇప్పుడు నేల మీద బాసింపట్టు వేసుకుని, దారం కొస పట్టుకుని, తన కూతురి నోటివంక చూస్తోంది. కెజియా మళ్ళీ చెప్పింది. విసుక్కోకుండా, వేలితో తన పొట్ట మీద చూపిస్తూ చెప్పింది. ఇంట్లో పిలిస్తే పలకని పిల్ల. బేబికి ఆశ్చర్యంతో నోరు తెరుచుకుంది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

రమణబాబు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పిల్లలు లేచి నమస్కారం పెట్టారు. కూర్చోమని సైగ చేసి, "చెప్పమ్మా బేబీ" అన్నాడు.

బేబి కూతురి వైపే చూస్తోంది. ఆయన మళ్ళీ అన్నాడు.

"నానేటి సెప్పనండి" అంది చివరికి. "అది పాఠం సెప్తంది."

"నువ్వొచ్చిన పని చెప్పు."

"అది సెప్దారనే వచ్చేనండి. నా నోట రావట్లేదు. దాన్ని నాను లేపలేనండి. లేపాలంటే మీరే లేపుకోండి."

ధైర్యంతో అన్న మాట కాదది. అంటూనే చేతులు కొంగులో ఇంకా బిగించి చుట్టుకుంది.

రమణబాబు నవ్వడానికి ప్రయత్నించాడు. సత్యవేణి వైపు తిరిగి, "అయితే మీరు లేపండి మేడం" అన్నాడు.

పొద్దుటి నుంచి సత్యవేణి ఏ మాట వెనక దాక్కుందామనుకుందో ఆ మాట లేకుండా పోయింది. మూసిన కొట్టు, ఇంటద్దె, ఎనిమిది వేలకు వచ్చే అమ్మాయిలు అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. "కెజియా" అని పిలిచింది.

ఆ పిలుపులో ఏముందో కెజియాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. అప్పుడే గుమ్మం పక్కన తల్లిని చూసింది, సార్‌ని చూసింది. మారు మాట్లాడకుండా వంగి బ్యాగు తీసుకుంది. నీళ్ళ సీసా తీసుకుంది. చివరి బెంచీ మీదున్న లంచ్ బ్యాగులు పక్కకు జరపడానికి అటు నడిచింది.

ఆ నడక చూసేసరికి సత్యవేణి గబగబా వెళ్ళి పిల్లకు అడ్డంగా నిలబడింది.

"బ్యాగెందుకే? అక్కడ పెట్టు" అంది. "ఎక్కడిదాకా చెప్పావు?"

కెజియా నమ్మనట్టు చూసింది. "సగం దాకా టీచర్."

"మిగతా సగం చెప్పు. అందరికీ వినపడేలా చెప్పు."

"మేడం" అన్నాడు రమణబాబు.

సత్యవేణి కెజియా వైపే చూస్తోంది. సుద్దముక్క ఎప్పుడు విరిగిందో, రెండు ముక్కలూ పిడికిట్లోనే ఉన్నాయి.

కెజియా బ్యాగు దించి, దారం పట్టుకుని లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. దారం వెంబడే గుమ్మం దాకా చూసుకుంటూ వచ్చి, రమణబాబు బూటు దగ్గర ఆగింది.

"సార్, కొంచెం కాలు తియ్యండి సార్" అంది. "దారం మీద నిలబడ్డారు."

క్లాసంతా ఆ బూటు వైపు చూసింది. గోడ పక్క నుంచి బేబి చూసింది. సత్యవేణి కూడా చూస్తూ నిలబడింది. కాలు ఇంకా లేవలేదు.