చంటోడి కొత్త వేలు

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: సెన్యోరా గ్లెండా, ఆవిడ భర్త దోన్ రస్సెల్, పొద్దుటి ఫలహారానికి వచ్చిన వాళ్ళ స్నేహితురాలు ప్యాట్, వాళ్ళ వంటింట్లో పనిచేసే మా చోలే పిన్ని, టాకో అని తిండి పేరు పెట్టించుకున్న ఒక కుక్క. మా చంటోడు కూడా ఉన్నాడు, గోడ అర మీద, ఒంటి మీద నూలుపోగు లేకుండా. నేను గుమ్మంలో నిలబడ్డాను కాబట్టి నన్ను లెక్కపెట్టనక్కర్లేదు.

చంటోడంటే మా ఇంటి బాలయేసు బొమ్మ. చెక్కతో చేసింది, అమ్మమ్మ వాళ్ళమ్మ నాటిది. గాజు కళ్ళు. కాస్త తెరిచిన నోట్లో, అంగిట్లో, మెరిసే చిన్న అద్దం ముక్క. ఎడమచేతికి చిటికెన వేలు లేదు. మా పెద్దమామయ్య చిన్నప్పుడు వాడికి పాలు తాగిద్దామని ఎత్తుకుని కింద పడేశాడు. ఎంతమందో పెట్టిన ముద్దులకూ, కొవ్వొత్తుల పొగకూ బుగ్గలు ముదురు గోధుమరంగుకు తిరిగి, అచ్చం మా ఇంటి పిల్లాడిలాగే ఉండేవాడు.

మా వైపు క్రిస్మస్ రాత్రి చంటోణ్ణి తొట్లో పడుకోబెట్టడానికి ఇంటివాళ్ళు ఒక జ్ఞానతల్లిని ఎంచుకుంటారు. జనవరిలో వచ్చే ముగ్గురు రాజుల పండుగనాడు ఆమె వాణ్ణి తన ఇంటికి తీసుకెళ్ళి కొత్త బట్టలు కుడుతుంది. ఫిబ్రవరిలో కందేలారియా పండుగకి ముస్తాబు చేసి, ఒళ్ళో పెట్టుకుని చర్చికి తెస్తుంది. ఆ రోజు నుంచి ఆమే, మా అమ్మమ్మా కొమాద్రేలు, అంటే ఒక బిడ్డను పంచుకున్న ఆడవాళ్ళు. అక్కచెల్లెళ్ళు మాట్లాడుకోవడం మానెయ్యవచ్చు. కొమాద్రేలు మానెయ్యకూడదు.

ఈ ఏడు అమ్మమ్మ సెన్యోరా గ్లెండాను ఎంచుకుంది.

"ఆ తెల్లావిడకా? మతి పోయిందా క్రిసాంతా?" అని పక్కింటి దోన్యా ఫిలోమెనా మా వాకిట్లోకే వచ్చి అమ్మమ్మని అడిగింది. "వాళ్ళ కుక్కకి స్వెట్టర్ వేస్తారు చూడు, దాన్నే చంటోడికీ తొడుగుతుంది."

"తొడగనీ. చలేస్తే పనికొస్తుంది" అంది అమ్మమ్మ. "ఆవిడకి ఈ ఊళ్ళో అయినవాళ్ళెవరున్నారే? పొద్దస్తమానం ఆ మొగుడి మొహమే చూస్తూ కూర్చోవాలి. పాపం కదూ?"

నాకేమీ పాపం అనిపించలేదు. వాళ్ళు కెనడా నుంచి వచ్చి సముద్రం ఒడ్డున ఇల్లు కొనుక్కున్నారు. ఆయన పళ్ళ డాక్టరుగా రిటైరయ్యాడు. ఆవిడ ఏం చేసి రిటైరయిందో ఎవరికీ తెలియదు, బహుశా ఆవిడకు కూడా. పొద్దున్నే ఇద్దరూ చెరో రెండు చేతికర్రలు పట్టుకుని, కొండ ఎక్కుతున్నవాళ్ళలా మొహాలు పెట్టి, చదునైన ఇసుకలో నడుస్తారు. కుక్కలు కూడా నీడ వెతుక్కునే మిట్టమధ్యాహ్నం ఎండలో పడుకుని ఉడికిన రొయ్యల రంగుకు తిరుగుతారు. సాయంత్రం కాకముందే ద్రాక్షసారా సీసా తెరిచి, అదే సూర్యుడు అదే చోట మునిగితే చప్పట్లు కొడతారు. పండుగకి మేం తారాజువ్వలు వేస్తే మాత్రం కుక్క భయపడుతోందని మేయరు దగ్గరకు వెళ్తారు. ఇన్నేళ్ళయినా భాష రాలేదు. రాకపోతే పోనీ, అరిస్తే వచ్చినట్టే అనుకుంటారు.

"నేను చాలా ప్రేమ ఈ ఊరు!" అని కూరగాయల కొట్లో కూడా ఆవిడ గుండె మీద చెయ్యి పెట్టుకుని అరుస్తుంది.

ముగ్గురు రాజుల పండుగనాడు అమ్మమ్మ చంటోణ్ణి తన మంచి శాలువాలో చుట్టి ఆవిడ చేతుల్లో పెట్టింది. ఆవిడ ఏడ్చింది. అమ్మమ్మా ఏడ్చింది. దోన్ రస్సెల్ ఫోటో తీశాడు. వాళ్ళు ఏడిస్తే మనకు అర్థమైనట్టే, మనం ఏడిస్తే వాళ్ళకు అర్థమైనట్టే అని అమ్మమ్మ అనుకుంది.

కందేలారియా నాడు పొద్దున్నే అమ్మమ్మ స్నానం చేసి, నల్ల గౌను వేసుకుని, చర్చిలో ముందు వరసలో చోటు పట్టడానికి వెళ్ళింది. తన పక్కన కొమాద్రే కోసం రుమాలు పరిచి ఉంచింది.

"నొయేలియా, వెళ్ళి సెన్యోరాని తోడుండి తీసుకురా" అంది నాతో. "ఎండగా ఉంటుంది, గొడుగు పట్టు. నెమ్మదిగా నడిపించు. చంటోణ్ణి మాత్రం నువ్వెత్తుకోకు, జ్ఞానతల్లే మోసుకురావాలి."

అప్పటికే చర్చి నిండా చంటోళ్ళు. ఒకడు తెల్లకోటు డాక్టరు, ఒకడు ఫుట్‌బాల్ ఆటగాడు, ఒకడు రెక్కలున్న దేవదూత. దోన్యా ఫిలోమెనా చంటోడికి జరీ టోపీ కూడా ఉంది. ఆవిడ దాన్ని అటూ ఇటూ సర్దుతూ, మా అమ్మమ్మ ఖాళీ ఒళ్ళోకి చూస్తూ, "ఇంకా రాలేదా మీ కెనడా కొమాద్రే?" అని అందరికీ వినపడేలా అడిగింది. అమ్మమ్మ "దారిలో ఉంది" అంది. నేను పరిగెత్తాను.

ఆ ఇంటి వీధి తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. మూసుకోకుండా దానికి అడ్డంగా ఒక పాత సన్నికల్లు పెట్టారు. ఏ ముసలమ్మ మొక్కజొన్నలు నూరి నూరి మధ్యలో గుంటచేసిన సన్నికల్లో అది. ఇంకొకదాంట్లో మట్టి పోసి ముళ్ళమొక్కలు నాటారు. గోడల నిండా దెయ్యాల ఆటలో పెట్టుకునే ముసుగులు, గాడిద జీను, ఎవరి పెళ్ళి జాకెట్టో మేకులతో దిగ్గొట్టి ఉన్నాయి. మనం పారేసినవీ, పారెయ్యలేక ఏడ్చినవీ అన్నీ అక్కడే ఉంటాయి.

"అమీగా! నేస్తం!" అంటూ సెన్యోరా గ్లెండా లేచి నన్ను కావలించుకుంది. "రా, రా! మా తలుపు ఎప్పుడూ తెరుచును అందరికీ! నువ్వు తినును?"

నాకు ఎవరితోనైనా మాటలు రావడం కష్టం. అరిచి మాట్లాడేవాళ్ళతో అసలే రావు. అప్పుడే అర మీద మా వాణ్ణి చూశాను.

రెండు దెయ్యం ముసుగుల మధ్య, కింద నుంచి కొట్టే ఒక చిన్న దీపం వెలుగులో, ఇనపకడ్డీకి గుచ్చి నిలబెట్టారు. వాడు పడుకునే పిల్లాడు. ఎప్పుడూ నిలబడలేదు. బుగ్గలు లేవు, అంటే బుగ్గల రంగు లేదు. మొహమంతా ఏదో మందుతో తోమి, చెక్క బయటపడేదాకా అరగదీశారు. పొలుసు గీకిన చేపలా ఉన్నాడు. ఎడమచేతికి కొత్త చిటికెన వేలు ఉంది, పాలపన్ను రంగులో, నిగనిగలాడుతూ.

దోన్ రస్సెల్ నా చూపు గమనించి పొంగిపోయాడు. "చూసింది! చూసింది! నేను చేశాను వేలు. పన్నుకి పెట్టే సిమెంటు. నీళ్ళు పోదు, విరగదు! చాలా మురికి ఉండెను, నేను అంతా తీసెను!" అని పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. ప్యాట్ అనే ఆవిడ ఫోను పెట్టి వేలును దగ్గరగా ఫోటో తీసుకుంది.

చోలే పిన్ని వంటింట్లోంచి నా దగ్గరకు వచ్చి, చేతులు తుడుచుకుంటూ నా చెవిలో అంది. "మీ అమ్మమ్మకి చెప్పడానికి నోరు రాలేదు గానీ, ఈవిడకి వారం నుంచీ చెప్తున్నానే. అమ్మా, ఇది మీది కాదు, బట్టలు కట్టి ఇచ్చెయ్యాలి అని. 'అవునవును చోలే, నువ్వెంత మంచిదానివి' అంటుంది. మంచిదాన్నే, ఏం చేసుకోను!"

"ఈ రోజు కందేలారియా అమ్మా" అని పిన్ని ఈసారి గట్టిగా అంది. "చర్చిలో పూజ మొదలవుతోంది. దోన్యా క్రిసాంతా చంటోడి కోసం కూర్చుంది."

"అవును, కందేలారియా! తమాలే!" సెన్యోరా గ్లెండా చప్పట్లు చరిచింది. "మేము తెలుసును. మేము తమాలే తెప్పించెను!" పండుగలో తినేది ఏదో అది మాత్రం వాళ్ళు ఎప్పుడూ నేర్చుకుంటారు.

"తినడానికి కాదమ్మా. చంటోణ్ణి తీసుకెళ్ళాలి. ఎత్తుకుని, మీరే."

అప్పుడు ఆవిడ మొహం మారింది. "కానీ... క్రిసాంతా నాకు ఇచ్చెను. కానుక. ఆమె ఏడ్చెను. నేను ఏడ్చెను."

"పెంచుకోమని కాదు, బట్టలు కట్టమని ఇచ్చింది" అంది పిన్ని.

"రస్సెల్ ఎంత పని చేసెను దీని మీద! ఇది కళ. దీనికి బట్టలు వద్దు." ఆవిడ ప్యాట్‌తో వాళ్ళ భాషలో ఏదో అంది. ప్యాట్ భుజాలు ఎగరేసి జవాబు చెప్పింది. సెన్యోరా గ్లెండా నా వైపు తిరిగి తియ్యగా నవ్వింది. "మేము ఆమెకు కొత్త బొమ్మ కొనును. ప్లాస్టిక్. చాలా అందం, చాలా శుభ్రం!"

చర్చిలో మొదటి గంట మోగింది. అమ్మమ్మ తల తిప్పకుండా ముందుకే చూస్తూ, ఖాళీ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంటుంది. దోన్యా ఫిలోమెనా జరీ టోపీ సర్దుతూ ఉంటుంది.

నేను భోజనాల బల్ల దగ్గర నుంచి కుర్చీ లాగాను. దాని మీద కుక్క పడుకుని ఉంటే దింపేశాను. ఎక్కి, మా వాణ్ణి ఇనపకడ్డీ మీంచి లాగాను. వీపులో చిల్లు పడి ఉంది. టాకో మొరిగింది. దోన్ రస్సెల్ "జాగ్రత్త, వేలు! వేలు!" అని అరిచాడు. అంత సేపూ వాడి వీపు గురించి ఒక్క మాట అన్నవాడు కాదు.

చోలే పిన్ని రొట్టెలు చుట్టే తెల్ల గుడ్డ తెచ్చి నా చేతికిచ్చింది. అంచుకు పూలు కుట్టి ఉన్నాయి, ఇంకా వేడిగా, మొక్కజొన్న వాసనతో ఉంది. మా వాడికి అదే కొత్త బట్ట. తల దాకా చుట్టాను. ఆ గీకిన మొహం దారిలో ఎవరికీ కనపడకూడదు.

"నొయేలియా, మనము స్నేహితులు అనుకొనెను" అంది సెన్యోరా గ్లెండా. కళ్ళలో నీళ్ళు. ఆవిడకు నీళ్ళు చాలా తేలిగ్గా వస్తాయి. "మా ఇంటికి వచ్చి, మా వస్తువు తీసుకొని..."

నేను గుమ్మం దాటాను. కానీ అమ్మమ్మ చెప్పిన మాట ఒకటి మిగిలి ఉంది. నాకు ఇష్టం లేకపోయినా అది అప్పగించాలి. మెట్టు మీద వెనక్కి తిరిగి, గొడుగు ముందుకు చాపాను.

"జ్ఞానతల్లే మోసుకురావాలంది మా అమ్మమ్మ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "మీ కోసం పక్కన రుమాలు పరిచి ఉంచింది. ఎండలో నెమ్మదిగా నడిపించమంది. రండి."

చోలే పిన్ని తెలిసిన ముక్కలన్నీ కలిపి వాళ్ళ భాషలో చెప్పింది. సెన్యోరా గ్లెండా వింది. గొడుగు వైపు చూసింది. గుడ్డ మూట వైపు చూసింది. ప్యాట్ వైపు చూసింది, బల్ల మీద సగం తిన్న బొప్పాయి వైపు చూసింది.

"ఇప్పుడా?" అంది. "ఈ అవమానం తర్వాత?"

తలుపు పట్టుకుని తోసింది. కదల్లేదు. సన్నికల్లు అడ్డం ఉంది. కాలితో నెట్టింది. చెప్పులోంచి వేలు తగిలి "ఆవ్" అంది. దోన్ రస్సెల్ నడుం పట్టుకుంటూ వచ్చాడు. ఇద్దరూ వంగి, ఎర్రబడి, రొప్పుతూ, ఆ రాయిని కొద్దికొద్దిగా లోపలికి ఈడ్చారు. అది అయ్యేదాకా నేను గొడుగు చాపే నిలబడ్డాను. తర్వాత సెన్యోరా గ్లెండా నా మొహం మీదే తలుపు వేసింది.