తొమ్మిది చిక్కుడుకాయలు

ఊరి హాల్లో మూడో బల్ల మీది గుడ్డను నార్మన్ నాలుగోసారి లాగి సరిచేశాడు. ఎవరో దాని మీద టీ కప్పు పెట్టి గోధుమరంగు మరక మిగిల్చారు. పదింటికల్లా కాయగూరలన్నీ బల్లల మీద ఉండాలి. పావు తక్కువ పది అయింది. తెచ్చినవాళ్లంతా బుట్టలు చంకన పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి వాన గురించి మాట్లాడుకుంటున్నారు.

"పదింటికి తలుపు వేసేస్తాను," అన్నాడు. ఎవరూ తల తిప్పలేదు.

నార్మన్ పొడుగాటి మనిషి. భుజాలు కొంచెం ముందుకు వంగి ఉంటాయి. ముప్పై ఏడేళ్లు బస్సు డిపోలో వేళల పట్టికలు రాశాడు. నడిమివేలికి కలం ఒరుసుకున్నచోట ఇంకా కాయ ఉంది. పెళ్లి చేసుకోలేదు. హాగ్‌బెక్ ఊళ్లో ఏటా ఆగస్టులో జరిగే ఈ పళ్ల, కూరగాయల పోటీకి ఇరవయ్యారేళ్లుగా కార్యదర్శి. జూలై నెలంతా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఒక్కో పళ్లేనికి ఒక్కో చీటీ చేత్తో రాస్తాడు. తను మాత్రం ఎప్పుడూ పోటీకి ఏదీ పెట్టలేదు. నడిపేవాడు పెట్టకూడదని అతని లెక్క.

ఎనభై దాటిన విల్ఫ్ అందరికన్నా ఆఖర్న వచ్చి, చిక్కుడుకాయల పళ్లెం దింపాడు.

నార్మన్ వంగి చూశాడు. "పది ఉన్నాయి, విల్ఫ్."

"ఉండనీ. ఒకటి నీకు."

"తొమ్మిదే పెట్టాలి. ఒకటి తీసెయ్."

"ఏది తియ్యను? అన్నీ ఒక తల్లి పిల్లలే. సరదా పోటీయేగా, బస్సేమన్నా తప్పిపోతుందా ఏంటి?"

గుమ్మం దగ్గర నవ్వులు. నార్మన్ చెవులు ఎర్రబడ్డాయి. ఇంకొకరి పంట అతను ముట్టుకోకూడదు. అడగగలడు, అంతే. రెండుసార్లు అడిగాడు. విల్ఫ్ టోపీ సర్దుకుని టీ కోసం వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం తీర్పరి ఆ పళ్లెం మీది చీటీని అడ్డంగా కొట్టేశాడు. విల్ఫ్ దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. ముఖం చిన్నబోయింది.

"ఒక్క కాయ, నార్మన్," అంది అధ్యక్షురాలు గ్వెన్, వంటగదిలో కేకు కోస్తూ. "ముసలాయన మనసు నొప్పించావు."

"నేనా? లెక్కపెట్టుకోవడం ఆయనకి రాకపోతే నేనేం చెయ్యను?"

నియమాలు లేని రోజులు అతనికి గుర్తున్నాయి. ఉల్లికాడల మీద తగువుపడి ఇద్దరు అన్నదమ్ములు ఆరేళ్లు మాట్లాడుకోలేదు. అన్న చనిపోతే తమ్ముడు చర్చి గేటు బయటే నిలబడిపోయాడు. ఆ తర్వాతే నార్మన్ కూర్చుని ఈ నియమాలన్నీ రాశాడు. సరదా అంటే ఏమిటో అతన్ని ఎవరూ అడగలేదు.

"ఇదే ఆఖరు," అన్నాడు. "వచ్చే ఏడు ఇంకెవరినైనా చూసుకోండి."

ఏటా ఈ వేళకి ఈ మాట అంటాడు. ఏటా గ్వెన్ ఓ కేకు ముక్క అతని చేతిలో పెట్టి, నువ్వు లేకపోతే ఎలాగయ్యా అంటుంది. ఈసారి కత్తి తుడుచుకుంటూ, "సరేలే," అంది.

నాలుగింటికి బహుమతులయ్యాక ఆమె వేదిక మీదే ఆగింది.

"నార్మన్ ఎన్నాళ్లుగానో విశ్రాంతి అడుగుతున్నాడు. మనమే విననట్టు ఊరుకున్నాం. ఇకనుంచి ఇదిగో, ఈ అమ్మాయి టాంసిన్ చూసుకుంటుంది, ఫోన్లోనే పేర్లు రాసుకోవచ్చట."

చప్పట్లు చాలాసేపు మోగాయి. మనస్ఫూర్తిగా కొట్టారు. అదే అతనికి మింగుడుపడలేదు. ఎవరో పచ్చ రిబ్బను కట్టిన మడత కుర్చీ తెచ్చి ఇచ్చారు, తోటలో కూర్చోవడానికి. దానికి వేలాడుతున్న కార్డు మీద నలభై సంతకాలు. విల్ఫ్ వంకర సంతకమూ ఉంది. పైన తేదీ, జూన్ పదకొండు. అప్పటికింకా అతను ఈ ఏడు ఒక్క చీటీ కూడా రాయలేదు.

"ఇంక నువ్వూ పోటీకి పెట్టొచ్చు," అన్నాడు విల్ఫ్, భుజం తడుతూ. మధ్యాహ్నం చిన్నబోయిన ముఖం ఇప్పుడు విప్పారి ఉంది.

"ఏం పెట్టను?" అన్నాడు నార్మన్. నిజంగానే అడిగాడు.

విల్ఫ్ నవ్వాడు, జోకనుకుని.

నార్మన్ బల్లగుడ్డలన్నీ అంచుకి అంచు కలిపి మడతపెట్టాడు. నేల ఊడ్చాడు. మిగిలిన బంగాళాదుంపలు సంచిలో పోసి, ఊళ్లో వృద్ధులకి భోజనం పంపేవాళ్ల కోసం గుమ్మం పక్కన పెట్టాడు. వెనక తలుపు తీసుకుని వానలోకి వెళ్లిపోయాడు. వంటగదిలో ఉన్నాడనుకుని గ్వెన్ రెండుసార్లు పిలిచింది.

ఆమె దీపాలార్పేటప్పుడు చూస్తే నోటీసు బోర్డు కింద ఆ మడత కుర్చీ గోడకి ఆనించి ఉంది, రిబ్బను ముడి కూడా విప్పకుండా.