రేణుకమ్మ కొలత

నీళ్ళు పట్టాలి. వాకిలి ఊడ్చాలి. అన్నం, పప్పు వండి మా ఆయన మల్లేశ్వర్‌కు డబ్బా కట్టాలి, ఆయన కండక్టర్ చొక్కా ఇస్త్రీ చేయాలి. మామ స్నానానికి నీళ్ళు కాగబెట్టాలి, ఆయన మందు గోలీలు తీసి చేతికివ్వాలి. ఇవన్నీ అయ్యాక శంషాబాద్‌లో కొత్తూరు బస్సు ఎక్కాలి. అందులో సీటు దొరికితే, పొద్దుట్నించి నేను మొదటిసారి కూర్చున్నట్టు.

కొత్తూరులో దశరథం సార్ కుర్చీల కార్ఖానాలో నేను డ్రాయింగులు గీస్తాను. మా వంశంలో డిగ్రీ చదివింది నేనే మొదలు. "కుర్చీ బొమ్మలు గియ్యనీకి బియ్యెస్సీ ఎందుకే?" అని మల్లేశ్వర్ నవ్వుతాడు. చెడ్డవాడు కాదు. ఏం గీస్తున్నావని మాత్రం ఎన్నడూ అడగలేదు.

తొంభై ఆరులో, కూల్చేస్తున్న ఒక బంగళా నుంచి సార్ పాత ఊగే కుర్చీ ఒకటి తెచ్చాడు. దాని మీద పువ్వులు లేవు, లతలు లేవు, చెక్కడం పనే లేదు. ఆవిరికి వంచిన కర్ర ఒకే గీతలా చేతి నుంచి కాలిదాకా దిగి వచ్చింది. వీపుకు పేము అల్లిక. ఒకప్పుడు అదే కొత్త ఫ్యాషనట. అంత తక్కువ కర్రలో అంత అందం నేనెప్పుడూ చూడలేదు. అలాంటిదే గీయమన్నాడు. అందరూ తిండికి పోయినప్పుడు అందులో కూర్చుని చూశాను. నా పాదాలు నేలకు అందలేదు. ఊగే కుర్చీని కాలితో నెట్టాలి. కాలందకపోతే ఎవరో వచ్చి ఊపేదాకా అట్లా ఉండిపోవాలి. మా దగ్గర ప్రతి నమూనాలోనూ సారే కూర్చుని ఎత్తు ఖాయం చేస్తాడు, దాన్ని అందరం 'సార్ కొలత' అంటాం. ఇన్నాళ్ళూ నేను గీసిన కుర్చీలన్నీ ఆయన కాళ్ళకేనని అప్పుడు తెలిసింది.

ఒక్క కుర్చీనైనా ఆడమనిషి కాళ్ళకు చేయించాలనిపించింది. ఒక ఆదివారం, మగవాళ్ళు బయటికి పోయాక, టేపు పట్టుకుని మా అత్త రేణుకమ్మ ముందు కూర్చున్నాను. మామ ముందు, కొడుకు ముందు ఆమె ఏనాడూ కుర్చీ ఎక్కలేదు. గడపే ఆమె చోటు.

"ఏందే, కాళ్ళు కొలుస్తున్నవ్? ఈ వయసుల గజ్జెలు చేయిస్తవా?"

"కుర్చీ చేయిస్త అత్తమ్మా."

"నాకా? గాలి గిట్ల సోకిందానె నీకు?"

అంటూనే కాలు చాపింది. మడమలు పగిలి ఉన్నాయి. ఆ కాళ్ళను నేను అప్పటిదాకా సరిగ్గా చూడలేదు.

సార్ అడిగిన ఊగే కుర్చీని అత్తమ్మ కొలతకే గీశాను, నమూనా తయారైంది. దశరథం సార్ కూర్చోగానే మోకాళ్ళు ఛాతీదాకా లేచాయి. పనివాళ్ళంతా నవ్వారు.

"గిదేందమ్మా, బడిపిల్లలకు చేసినవా?"

"ఆడవాళ్ళ కాళ్ళకు సార్."

"ఇంట్ల కుర్చీల కూసునేదెవరు? మొగోడు. కొలత పెంచి మళ్ళ గియ్యి. ఇది నువ్వే తీస్కపో."

ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాను. ఆదివారం మధ్యాహ్నం, మామ నిద్రపోయాక, అత్తమ్మను బతిమాలి కూర్చోబెట్టాను. ముందు అంచునే కూర్చుంది. తర్వాత మెల్లగా వెనక్కి వాలి, బొటనవేలితో నేలను తన్నింది. కుర్చీ ఊగింది. కళ్ళు మూసుకుంది. "మంచిగున్నదే" అంది, నాతో కాదు, తనలో తాను.

అప్పుడే మల్లేశ్వర్ డ్యూటీ దిగి వచ్చాడు. చెప్పుల చప్పుడుకే ఆమె లేచి గడప దగ్గరికి పోయింది. ఊగుతున్న ఖాళీ కుర్చీలో ఆయన కూలబడి, "మరీ కిందికున్నది. ఎవరికి పనికొస్తది గిది?" అన్నాడు.

"ఔ బిడ్డా, ఎవ్వరికి పనికిరాదు" అంది అత్తమ్మ.

ఒక్కసారి నా వైపు చూస్తుందేమోనని చాలాసేపు ఎదురుచూశాను. చూడలేదు. ఆ ఇంట్లో అంత ఒంటరిగా నాకు ఎన్నడూ అనిపించలేదు.

సోమవారం సార్ డ్రాయింగు అడిగాడు.

"పెంచను సార్."

"గంత పట్టువడ్తున్నవ్, ఎవరి కొలతమ్మా గిది?"

"రేణుకమ్మ కొలత."

ఆమె ఎవరని అడగలేదు. కొలత పెంచి ఇంకొకరు గీశారు. కుర్చీలు అమ్ముడుపోయాయి. అప్పటి నుంచి నేను గీసే ప్రతి కుర్చీకీ రెండు కొలతలూ పక్కపక్కన రాస్తున్నాను. ఆమెది కొట్టేస్తున్నారు. మళ్ళీ రాస్తున్నాను.

దవాఖానలోనో, బ్యాంకులోనో, మీ ఇంట్లోనో కుర్చీలో కూర్చున్నప్పుడు మీ పాదాలు నేలకు ఆనకపోతే, మీ కాళ్ళు పొట్టివనుకోకండి. మా అత్త రేణుకమ్మను గుర్తు చేసుకోండి.