నలభై ఒకటో చుక్క

పెద్దాయన మొహం మీంచి ప్లాస్టిక్ అచ్చును రెండు చేతులతో మెల్లగా తీసి, చుక్కలమ్మ ఒక అడుగు వెనక్కి వేసి చూసింది. అచ్చుకు అరవై నాలుగు చిల్లులు. వాటిలోంచి పెన్సిలు మొనతో మొహం మీద చుక్కలు పెట్టి, ఒక్కో చుక్క మీద ఆవగింజంత మెరిసే పూసను జిగురుతో అంటించడం ఆమె పని. ఏడు నెలలుగా రోజూ ఇదే మొహం. ఎడమ కనుబొమ్మను చీల్చిన పాత గాటు, ముక్కు పక్కన గుంట, గడ్డం కింద వేలాడే చర్మం, అన్నీ ఆమె వేళ్ళకు తెలుసు.

నలభై ఒకటో చుక్క పెదవి ఎడమ మూల మీద పడాలి. ఇవాళ పడలేదు. చుక్క ఉండాల్సిన చోటే ఉంది. పెదవి కిందికి జారింది.

తడి దూదితో తుడిచి మళ్ళీ అచ్చు పెట్టింది. మళ్ళీ అంతే.

"ఒకసారి నవ్వండి తాతగారూ."

ఆయన నవ్వాడు. కుడి చెంప ఎప్పటిలాగే ముడతలు పడింది. ఎడమ చెంప సగం దాకా వచ్చి ఆగిపోయింది.

అక్కడ తీస్తున్నది పిల్లలూ పెద్దలూ కలిసి చూసే క్రిస్మస్ బొమ్మల సినిమా. మంచు తుపానులో బహుమతుల మూట పారేసుకున్న క్రిస్మస్ తాత కథ. ఆ షెడ్డులో మాత్రం మంచు లేదు, బహుమతులు లేవు. బూడిదరంగు నేల, చెక్కపెట్టెలు, గోడల చుట్టూ కెమెరాలు. ఆ కెమెరాలకు మనిషితో పనిలేదు, మనిషి మీది పూసలు కనపడితే చాలు. పూసలు ఎలా కదిలితే కంప్యూటర్లో బొమ్మ అలా కదులుతుంది. తెల్లగడ్డం, ఎర్రకోటు తర్వాత ఇంకెవరో వేస్తారు. తాత వేషం కట్టిన ఈ పెద్దాయన నలభై ఏళ్ళు నాటకాల్లో రాజుగారి వెనక ఈటె పట్టుకుని నిలబడ్డవాడు. "జన్మకో హీరో వేషం దొరికింది, అదీ నా మొహం కనపడకూడదన్న షరతు మీద" అని అందరినీ నవ్వించేవాడు.

చుక్కలమ్మ అంతకుముందు ఇరవై రెండేళ్ళు చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టింది. మిషన్ల మోతలో మాటలతో పని పడేది కాదు. పని పడక మాట అలవాటే తప్పింది. ఇంట్లో ఉన్నది చెవులు సరిగా వినపడని అక్క ఒక్కతే. ఇల్లు అద్దెకిచ్చినావిడ వాళ్ళని చూసి, "మీ ఇద్దరూ కలిస్తే ఒక మనిషి" అనేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక, వేళ్ళు సన్నపనికి పనికొస్తాయని ఇక్కడ పెట్టుకున్నారు. ఆమె అసలు పేరు ఎవరూ అడగలేదు.

ఆమె చూపు ఎక్కడ ఆగిందో తాతగారు కనిపెట్టాడు.

"పొద్దున కాఫీ ఈ పక్కనించే కారింది. చెయ్యి కూడా కాస్త మొద్దుబారినట్టుంది. పడుకున్న తీరు బాగాలేక అయ్యుంటుందిలే."

"ఆస్పత్రికి వెళ్ళండి."

"సాయంత్రం వెళ్తా. ఒక్క నవ్వు మిగిలింది నాకు. మూట దొరికాక తాత నవ్వే నవ్వు. అది వదిలేసి పోతే ఇంకెవడో వచ్చి నవ్వుతాడు. ఏడు నెలలు నడిచింది నేను, పడి లేచింది నేను, చివర్న నవ్వేది వాడా?"

"మా అమ్మకి ఇలాగే మూతి..." అంది చుక్కలమ్మ.

"నీకు దండం పెడతా తల్లీ. నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలీదు. అచ్చు చూపించిన చోటే పూస పెట్టెయ్."

అచ్చుకూ మొహానికీ తేడా వస్తే ఫ్లోర్ మేనేజరుకు చెప్పాలి. ఆ కుర్ర మేనేజరే తలుపు సగం తీసి తొంగిచూశాడు.

"అయిందామ్మా? అందరూ కాచుకుని ఉన్నారు."

తాతగారు అద్దంలోంచి ఆమెనే చూస్తున్నాడు. ఆమెకు కొడుకు వయసున్న మేనేజరు గడియారం చూసుకుంటున్నాడు.

"అయింది బాబూ."

జిగురు ఆరేదాకా పూసను వేలితో నొక్కి పట్టుకోవాలి. రోజూ పది అంకెలు లెక్కపెట్టేది. ఇవాళ ముప్ఫై దాకా లెక్కపెట్టింది.

తాతగారు నేలమీద మోకాళ్ళు వేసి, ఖాళీ గోనెసంచిని ఒళ్ళోకి తీసుకుని నవ్వాడు. తెరమీద బూడిదరంగు బొమ్మ కూడా నవ్వింది.

"ఎడమవైపు తక్కువైంది. ఇంకోసారి" అన్నాడు మేనేజరు.

ఇంకోసారి. మరోసారి. మధ్యలో మంచినీళ్ళు అడిగితే చుక్కలమ్మ గ్లాసు పట్టుకుంది. నీళ్ళు గడ్డం మీదికి కారాయి. ఎవరూ చూడకముందే కొంగుతో ఒత్తేసింది. తొమ్మిదోసారికి మేనేజరు, "చాలు, మిగతాది మేం సర్దుకుంటాం" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తాతగారు చెక్కపెట్టెకు ఆనుకుని కూలబడ్డాడు. అలసిపోయాడనుకుని అందరూ భోజనాలకు లేచారు.

ఆమె నూనె, దూది, పూసలు వేసే రేకుడబ్బా తెచ్చుకుని ఆయన పక్కన కూర్చుంది. కుడివైపునుంచి మొదలుపెట్టింది. ఒక్కో పూస ఊడదీసి డబ్బాలో వేస్తోంది. ఈ వేళప్పుడు ఆయన ఊరుకునేవాడు కాదు. "నెమ్మది తల్లీ, తోలు కూడా ఊడొస్తుంది" అనేవాడు. ఇవాళ ఏమీ అనలేదు. సగం తెరిచి ఉన్న కంటి రెప్పకు దూది తగిలింది. రెప్ప కదల్లేదు.

ముక్కు కింద వేలు పెట్టి చూసింది. కేక వెయ్యబోయింది. గొంతు రాలేదు. రేకుడబ్బా ఎత్తి నేలకేసి కొట్టింది. పూసలు షెడ్డంతా చెల్లాచెదురయ్యాయి. "అయ్యో, పూసలు!" అంటూ ఎవరో పరుగెత్తుకొచ్చారు. తర్వాతే మనిషిని చూశారు.

స్ట్రెచర్ మీద తీసుకుపోతున్నప్పుడు ఆయన మొహం కుడిసగం శుభ్రంగా ఉంది. ఎడమసగం ఇంకా మెరుస్తోంది.

సాయంత్రం ఆమె మేనేజరు బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"పొద్దున్నే చూశాను బాబూ. మూతి జారింది. చుక్క దానిమీద పడలేదు. చూసీ నీకు చెప్పలేదు."

మేనేజరు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చినట్టున్నాడు. తెర ఆమెవైపు తిప్పాడు. బొమ్మ రెండువైపులా సమంగా, నిండుగా నవ్వుతోంది.

"ఎడమవైపు సరిచేసేశామమ్మా. ఇక్కడేం తేడా లేదు. మీరు ఇంటికెళ్ళండి."

గేటు దగ్గర వాచ్‌మన్ కొక్కేనికున్న గొడుగు తీసి చూపించాడు. "పొద్దున వానలో వచ్చాడు కదా, తాతగారు. ఇది ఎవరికివ్వాలమ్మా?"

ఆమెకు తెలియదు. గొడుగు చేతిలోకి తీసుకుని, విప్పి చూసి, మడిచి, మళ్ళీ కొక్కేనికే తగిలించింది. ఊడిపోయిన ఒక ఊచను గుడ్డకు లావుపాటి నల్లదారంతో కుట్టి ఉంది. ఆయనే కుట్టుకున్నట్టుంది, కుట్టడం రాని చెయ్యి. ఒక ముడి చాలిన చోట అయిదు ముళ్ళు.